దొంగ చక్కెర

మా ముత్తాత ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్ను మిల్లు పెట్టిన మనిషి. ఆయన గుర్రపు బండి మార్కెట్ వాకిట్లో ఆగేదాకా పత్తి వేలం మొదలుపెట్టేవారు కాదని మా ఇంట్లో చెప్పుకునేవారు. మార్కెట్లో కూడా చెప్పుకునేవారు కాబట్టి నేను నమ్ముతాను. ఆయన కొడుకు, అంటే మా తాత, మిల్లుతో పాటు కౌతాళం వైపు పొలాలు చూసుకుంటూ ఆ పక్క ఊళ్ల తగవులు తీర్చేవాడు. ఆయనకు ఉద్యోగం లేదు, ఎవరూ అధికారం రాసి ఇవ్వలేదు. మనుషులు వచ్చేవారు, అంతే. కాలువ నీళ్ల దగ్గర తలలు పగలగొట్టుకున్నవాళ్లు సైతం కట్లు కట్టించుకుని నేరుగా మా అరుగు దగ్గరికి వచ్చేవారు. మా నాన్న కాలంలో మిల్లు పోయింది. ఆ స్థలంలో ఇప్పుడు పెళ్లిళ్ల మండపం ఉంది. అయినా ఆదోనిలో పాతవాళ్లు మమ్మల్ని మిల్లోళ్లనే పిలుస్తారు. నేను సరిదిద్దను.

ఇంటికి ఎవరు వచ్చినా ముందు బెల్లం, నీళ్లు ఇవ్వడం మా వైపు మామూలే. కన్నడం వినపడే ఊళ్లన్నిటిలోనూ ఉన్న ఆచారం అది. మా ఇంట్లో దానికి ఒక వెండి తట్ట, ఒక వెండి చెంబు ఉండేవి. తగవు తీర్చాక తాత ఆ తట్టను ఇద్దరి మధ్యా పెట్టించేవాడు. ముందు తాను ఒక ముక్క నోట్లో వేసుకునేవాడు. తరువాత ఒకడు, ఆ తరువాత రెండోవాడు. కాగితం లేదు, సంతకం లేదు. ఆ గొడవ ఏమైందని మరునాడు ఎవరైనా అడిగితే "బెల్లం ముట్టినారు" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పేవాడు కాదు. ముట్టకుండా లేచిపోయినవాడు శత్రువుగా లేచిపోయినట్టే. అందుకే మా ఇంట్లో పుట్టినవాళ్లకు తీపి వద్దనడం రాదు. తీపిని వద్దంటే ఎదుటి మనిషిని వద్దన్నట్టు.

తాతకు చక్కెర జబ్బు ఉండిందో లేదో తెలియదు. ఎవరూ పరీక్ష చేయించలేదు. చివరి రోజుల్లో అరికాళ్లు మంటలని తడిగుడ్డ చుట్టించుకునేవాడు. నాన్నకు ఉండింది. నాకు ఉంది, మా అక్కకు ఉంది. పంపకాల్లో గొడవ లేకుండా అందరికీ సమానంగా వచ్చిన ఆస్తి ఇదొక్కటే.

అక్క నాకంటే పెద్దది. ఎమ్మిగనూరులో మెట్టింది. పిల్లలు లేరు. బావ పోయాక ఆదోనికి వచ్చెయ్యమన్నాను. రాలేదు. మగ్గాల వీధిలో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. పంపకాలప్పుడు నాన్న వెండి తట్టను నాకు కాకుండా ఆమెకు ఇచ్చాడు. నా దగ్గరికి ఎవరూ రారని, ఆమె దగ్గరికి మనుషులు వస్తారని ఆయన అంచనా. అది తప్పలేదు. ఆ వీధిలో పెళ్లి మాటలకైనా, గోడ తగాదాకైనా మిల్లోళ్ల అక్క ఉండాలి. ఆమె ఏ ఇంటికి పోయినా టీ, ఆమె ఇంటికి ఎవరు వచ్చినా టీ. మా వైపు టీ అంటే పాలల్లో చక్కెర పాకం.

కొత్త చెప్పు కొరికి ఆమె కుడికాలి చిటికెన వేలి పక్కన పుండు పడింది. మానలేదు. ఆదోనిలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె ఆ ప్రాంతపు మనిషే, మాట దాచదు.

"వేలు నల్లబడతాంది పెద్దమ్మా. షుగరు దిగకుంటే మందు పని చేయదు. వేలుతో మొదలైంది పాదం దాకా పోతాది. కాలు కావాలంటే తీపి మానాల."

"నేను తీపి యాడ తింటాండానమ్మా? టీ తాగుతా, అంతే" అంది అక్క.

"టీలో?"

"టీలో చక్కెర ఏస్తారు. ఉప్పు ఏస్తారా ఎవరన్నా?"

డాక్టరమ్మ మాత్రలు రాసి ఇచ్చింది. తిరుగు బస్సులో అక్క కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. చక్కెర లేకుండా టీ అడగరాదా అన్నాను.

"చక్కెర ల్యాకుండా తాగితే జనం ఏమనుకుంటారో తెల్సా? మిల్లోళ్లకు చక్కెరకు గూడా గతి ల్యాకపాయ అనుకుంటారు."

"షుగరుందని చెప్పు."

"నేను జెప్పాలా? చెప్తే అందరూ వచ్చి నా ముందర కూచ్చొని ఏడుస్తారు. నాకు ఏడ్సేటోళ్లు వద్దు."

నేను వాదించలేదు. మా ఇంట్లో ఒంటి సంగతులు గడప దాటించరు. జ్వరం వచ్చి పెళ్లికి పోలేకపోయినా పని పడిందని కబురు పంపేవారు. నేనూ అదే పద్ధతిలో పెరిగాను.

నా కాఫీకి నేను అప్పటికే తీపి బిళ్లలు వాడుతున్నాను. బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బా, పైన నొక్కితే పెసరబేడంత బిళ్ల కింద పడుతుంది. ఆ తీపికి ఒక స్వభావం ఉంది. కాఫీ నోట్లో పోసుకున్నప్పుడు రాదు, మింగాక వస్తుంది. వచ్చాక పోదు. నాలుక వెనక సన్నగా లోహపు చేదు కూర్చుని ఉంటుంది. మొదట్లో కాఫీయే మానేద్దామనుకున్నాను. తరువాత అలవాటైంది. మా తరం అలవాటు పడటం బాగానే నేర్చుకుంది.

అక్క కోసం ఇంకో డబ్బా తీసుకోవడానికి మార్కెట్ దగ్గరి మందుల అంగడికి పోయాను. అంగడి భాయ్ వాళ్ల తాత మా మిల్లులో పత్తి బేళ్లు మోసినవాడు. అందుకని అతనికి నా దగ్గర కొంత చనువు ఉంది.

"రెండో డబ్బా ఎవరికి సార్?"

"మా అక్కకు."

"అక్కమ్మకూ షుగరా? అరె, మిల్లోళ్లకు మిల్లు పోయినా షుగరు ఫ్యాక్టరీ మిగిలిందే!"

అంగట్లో ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు.

"కోపం జేసుకోవద్దు సార్. ఈ బిళ్ల షుగరోళ్లకు మంచిది. ఒగటి ఏస్తే ఒగ సెంచా సక్కెర్తో సమానం. పరవాల్యా, ధైర్యంగా ఇయ్యండి."

అక్క డబ్బాను అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసింది. "ఏమిరా ఇది, ఆడుకునే బొమ్మ మాదిరి" అంటూ నొక్కి, పడిన బిళ్లను నాలుక మీద పెట్టుకుంది. తరువాత మొహం చిట్లించింది.

"తీపే. గానీ దొంగ తీపి. వాకిట్లో నుంచి రాల్యా, ఎనక గోడ దూకొచ్చినట్టుంది."

అప్పటి నుంచి దానికి దొంగ చక్కెర అని పేరు పెట్టింది. పేరు పెట్టాక వాడటం మొదలుపెట్టింది. ఎవరింటికి పోయినా "నా లోటా ఇడిగా తీయండి, నా చక్కెర నేను కలుపుకుంటా" అనేది. కొంగు చాటున డబ్బా నొక్కేది. మిల్లోళ్ల అక్క పరాయి ఇంటి చక్కెర కూడా ముట్టదని వీధంతా అనుకుంది. అది వాళ్లకు గొప్పగా కనపడింది. అక్కకు కావలసిందీ అదే.

ఉగాదికి ఆమె ఇంకో ప్రయత్నం చేసింది. దొంగ చక్కెర పొడి పొట్లాల్లో కూడా వస్తుందని తెలిసి, బెల్లం బదులు ఆ పొడి వేసి ఓళిగలకు, అంటే బొబ్బట్లకు, పూర్ణం రుబ్బింది. ఉడికిన శనగబేడలు ఇసుకలా విడివిడిగా నిలిచాయి. పెనం మీద వేసిన ఓళిగ నడుమ చీలి పూర్ణమంతా రాలింది. పొయ్యి సెగకు ఆ తీపి కూడా ఎగిరిపోయింది. నేను ఒకటి తిన్నాను, ఉప్పు మరిచిన పప్పులా ఉంది.

"బెల్లం తీపికే ఏస్తారనుకొంటిమి. పట్టి నిలబెట్టేది గూడా అదేనేమో" అని మిగిలిన పిండి ఎత్తి వీధి ఆవు తొట్టిలో వేసింది. ఆ ఏడు మా అక్క ఇంటి ఓళిగలు వీధిలో ఎవరికీ పోలేదు.

టీలో చక్కెర మానినా పుండు మానలేదు. పరీక్ష చేయిస్తే షుగరు ముందుకంటే పెరిగింది. డాక్టరమ్మ మాత్రలు మార్చింది. మళ్లీ పెరిగింది. చిటికెన వేలి నలుపు పక్క వేలికి పాకింది. ఏం తింటున్నావని డాక్టరమ్మ అడిగితే, అక్క రొట్టె, పప్పు, కూర అని చెప్పింది. అది అబద్ధం కాదు. ఆమె తినే అన్నం గురించి అడిగారు, ఆమె చెప్పింది.

ఒకరోజు కట్టు మార్పించడానికి ఆదోని తీసుకుపోదామని పొద్దున బస్సులో ఎమ్మిగనూరు పోయాను. వాకిట్లో జనం ఉన్నారు. అక్క కుర్చీలో కూర్చుని ఉంది, కట్టు కట్టిన కాలు కుచ్చెళ్ల కింద దాగి ఉంది. ఎడమ పక్క నిలబడినాయన గుంత మగ్గం నేస్తాడు. మనిషి నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం అది. కుడి పక్క నిలబడినవాడు ఆయన పొరుగువాడే, బస్టాండు దగ్గర బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీల బండి నడుపుతాడు.

"ఈయప్ప గిన్నెలు కడిగిన నీళ్లు నా గుంతలోకి వచ్చినాయక్కా" అంటున్నాడు మగ్గం ఆయన. "కాళ్లు పెట్టి తొక్కుదామంటే బొరుగులు తేల్తాండాయి."

"తేలితే ఏరుకొని తినప్పా. నీ దగ్గర దుడ్లు అడగను లే" అన్నాడు ఉగ్గాని ఆయన.

జనం నవ్వారు. మగ్గం ఆయన మీదికి పోబోయాడు.

"కూచ్చో" అంది అక్క. ఉగ్గాని ఆయన వైపు తిరిగి, "నువ్వు బజ్జీ మాదిరి ఉబ్బొద్దు. ఆయప్ప చీర తడిస్తే నీ బండి అమ్మినా తీరదు. నీళ్లు పోయే మోరీ ఆ పక్కకు తిప్పు. ఏమప్పా, నువ్వు గడప కింద ఒగ బండ వేయి. ఇద్దరికీ సరేనా?"

ఇద్దరూ తల ఊపారు. అక్క లోపలి నుంచి వెండి తట్ట తెప్పించింది. ముందు తాను ఒక ముక్క నోట్లో వేసుకుంది. తరువాత వాళ్లిద్దరూ. తాత ఎలా చేసేవాడో అలాగే, తొందర లేకుండా. తగవు తీరింది. జనం లేస్తుండగా ఆమె కొంగు చాటున డబ్బా రెండుసార్లు నొక్కి, రెండు బిళ్లలు నోట్లో వేసుకోవడం నా కంట పడింది. అందరూ పోయాక అడిగాను.

"అక్కా, అదేమి?"

"బిళ్ల."

"టీ యాడుంది?"

"టీకి గాదురా, బెల్లానికి. తిన్నాక ఏసుకొంటా. లోపలికి పోయి బెల్లాన్ని పట్టుకుంటాది. దొంగను దొంగే పట్టాల గదా."

నాకు ఆమె చెప్పేది అర్థం కావడానికి కొంత సేపు పట్టింది.

"ఎప్పటి నుంచి?"

"నువ్వు తెచ్చిచ్చినప్పటి నుంచి. బెల్లానికి ఏసుకుంటాండా, పెండ్లిలో లడ్డు తింటే లడ్డుకు ఏసుకుంటాండా. పెద్ద లడ్డయితే మూడు."

"డాక్టరమ్మ మాత్రలు?"

"అవి చేదు. కడుపులో తిప్పుతాది. షుగరుకు ఇన్ని తీర్ల బిళ్లలెందుకని అవి నిలిపేస్తి. ఇది గూడా మందుల అంగట్లోదే గదా? నువ్వు గూడా ఏసుకుంటాండావు గదా?"

ఆమె లెక్కలో తప్పు వెతకడం అంత తేలిక కాదు. అది బిళ్ల ఆకారంలో ఉంది. మందుల అంగట్లో దొరుకుతుంది. షుగరోళ్లకు మంచిదని అమ్మినవాడు చెప్పాడు. షుగరున్న తమ్ముడు తెచ్చి ఇచ్చాడు. మేమందరం దాన్ని బిళ్ల అనే అన్నాం. మా వైపు బిళ్ల అంటే మందు. మందు అంటే విరుగుడు. ఇక బెల్లం వద్దనలేని మనిషికి విరుగుడు చేతిలో ఉన్నప్పుడు ఎందుకు వద్దనాలి?

డాక్టరమ్మ అంతా విని పెన్ను కింద పెట్టింది.

"అది మందు గాదు పెద్దమ్మా. నాలికను మోసం జేస్తాది, అంతే. రక్తంలో చక్కెరను ఏమీ చేయదు. టీలో చక్కెర బదులు ఏసుకో, మేలే. బెల్లం తిని పైన ఏసుకుంటే తిన్న బెల్లం తిన్నట్టే. మాత్రలు నిలిపేస్తివి చూడు, అదీ అసలు దెబ్బ."

"రుచికి మాత్రమే అయితే మందుల అంగట్లో ఎందుకమ్ముతారమ్మా? కిరాణా అంగట్లో పెట్టాల గదా" అంది అక్క.

"పెట్టాల్సిందే" అంది డాక్టరమ్మ. కట్టు విప్పి చూసి నన్ను బయటికి పిలిచింది. కర్నూలు తీసుకుపొమ్మంది. వేళ్లు తీసేయక తప్పదని, వేళ్లతో ఆగుతుందో లేదో అక్కడ తెరిచి చూస్తే గాని చెప్పలేరని చెప్పింది.

తెల్ల రేషను కార్డు ఉంటే ఇలాంటి ఆపరేషన్లు ఉచితంగా జరుగుతాయి. అక్కకు ఆ కార్డు లేదు. పేదరాలినని రాసి సంతకం పెట్టడానికి ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు. నాకూ లేదు, కారణం అదే. కర్నూలులో ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చిన సాయంత్రం ఆమె నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"బీరువాలో కింద అరలో తట్ట ఉంది. తీసకపోయి అమ్ము."

"నాన్న నీకిచ్చిందక్కా అది."

"తట్టకు కాళ్లు ల్యావురా. నాకుండాయి."

రెండు వేళ్లు తీశారు. పాదం నిలిచింది. ఇన్సులిన్ మొదలుపెట్టారు. సూది తనే పొడుచుకోవడం నేర్చుకుంది. పుండు మానడానికి చాలా కాలం పట్టింది. ఆదోనిలో మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ టీలో ఒక బిళ్ల వేసుకునేది, ఇంకెక్కడా వేసుకునేది కాదు. బెల్లం డబ్బా ఎక్కడుందని మాత్రం ఒకసారి అడిగింది. ఎందుకని అడిగాను. "ఊరికే, ఉందా అని" అంది.

ఆమె ఎమ్మిగనూరు తిరిగి పోయాక వానలు పడ్డాయి. తిప్పిన మోరీ పూడి, నీళ్లు మళ్లీ మగ్గం గుంతలోకి చేరాయి. నేను ఆమెకు ఇన్సులిన్ సీసాలు ఇచ్చి రావడానికి పోయిన రోజే ఆ ఇద్దరూ మళ్లీ వాకిట్లో ఉన్నారు. ఈసారి మాటలు ముదిరాయి. మగ్గం ఆయన చేతిలో తడిసిన పట్టు నూలు కండె ఉంది, ఉగ్గాని ఆయన నోట నవ్వు లేదు. అక్క ఇద్దరినీ చివరిదాకా మాట్లాడనిచ్చింది. మోరీని ఇద్దరూ కలిసి పూడిక తీయాలని, పాడైన నూలు ఖరీదులో సగం ఉగ్గాని ఆయన ఇవ్వాలని చెప్పింది. ఒప్పుకున్నారు. బెల్లం స్టీలు తట్టలో వచ్చింది. వెండి తట్ట ఏమైందని ఎవరూ అడగలేదు. అందరూ ఆమె చేతినే చూస్తున్నారు.

ఆమె ఒక ముక్క తీసి, కళ్లకద్దుకుని, తిరిగి తట్టలో పెట్టింది.

ఉగ్గాని ఆయనే ముందు అన్నాడు.

"అదేమక్కా, పెట్టేస్తివి? నువ్వు తినకుంటే తగువు తీరినట్టు యాడైతాది? మా మీద కోపమా?"

"మా తాత తగువు తీర్చినాక ఏమనేటోడు?"

"బెల్లం ముట్టినారు అనేటోడంట. నువ్వే చెప్తివి గదా" అన్నాడు మగ్గం ఆయన.

"ముట్టినారు అన్యాడా, తిన్యారు అన్యాడా?"

ఆయన ఆలోచించాడు. "ముట్టినారు అనే."

"నేను ముట్టినా. అయిపాయ." అక్క కుచ్చెళ్లు పక్కకు జరిపి కాలు ముందుకు పెట్టింది. "నాకు షుగరుంది. రెండు వేళ్లు పోయినాయి. మిగిలినవి నాక్కావాల. మీరు తినండి."

ఎవరూ ఏడవలేదు. మగ్గం ఆయన ఆ పాదాన్ని కాసేపు చూసి, ఒక ముక్క తీసుకుని తిన్నాడు. ఉగ్గాని ఆయన తట్ట వైపు చెయ్యి చాపి మధ్యలో ఆగాడు.

"నాకూ ఉందక్కా షుగరు. మా ఆడోళ్లకు దప్ప ఎవరికీ చెప్పల్యా. నేనూ ముట్టి పెట్టేద్దునా?"

"పెట్టు. మోరీని మాత్రం ముట్టి పెట్టొద్దు, తవ్వు."

అప్పుడు నవ్వారు. మగ్గం ఆయన కూడా నవ్వాడు.

తాత ప్రతిసారీ తినేవాడు. నేను చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని చూశాను, నాకంటే ముందు అక్క చూసింది. మా ఇద్దరికీ తెలుసు. నేను సరిదిద్దలేదు.

జనం పోయాక టీ పెట్టింది. డబ్బా కొంగు చాటు నుంచి కాదు, గూట్లో నుంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆమె లోటాలో ఒకటి, నా లోటాలో ఒకటి నొక్కింది. తీపి ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. స్టీలు తట్టలో ఆమె ముట్టిన ముక్క, ఉగ్గాని ఆయన ముట్టిన ముక్క మిగిలి ఉన్నాయి. వాటిని నీళ్లలో వేసి ఆవుకు పోసింది.

వెండి చెంబును మిల్లు పోయిన ఏడు మా నాన్న అమ్మాడు. వెండి తట్టను నేను ఆదోనిలో అమ్మాను.